డబ్లిన్‌లో ఒక పలకరింపు

మా గోదావరి వైపు ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్ళి కూర్చోవడాన్ని పలకరింపు అంటాము. వెళ్ళినవాళ్ళు పెద్దగా మాట్లాడరు. "ఎలా జరిగింది?" అని ఒక్క మాట అడుగుతారు. ఆ ఇంటివాళ్ళు రాత్రి ఎన్ని గంటలకు ఆయాసం మొదలైందో, మందు ఎవరు పోశారో, చివరిసారి ఏమి అడిగారో మొదటినుంచి చెప్పుకొస్తారు. తరువాత వచ్చినవాళ్ళూ అదే అడుగుతారు, మళ్ళీ అదే కథ. పదో రోజుకు అది నలభై సార్లు చెప్పినట్టవుతుంది. లేచి వచ్చేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకూడదు, అలాంటి రాక మళ్ళీ రాకూడదని. చిన్నప్పుడు ఇదంతా నాకు విసుగుగా ఉండేది. చెప్పినదే చెప్పించడం క్రూరత్వమని కూడా అనుకున్నాను. అది ఎందుకో నాకు తెలిసింది రాజమండ్రిలో కాదు, డబ్లిన్‌లో, నేను పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందు చనిపోయిన ఒక కుర్రవాడి విషయంలో.

2013 చివర ఉద్యోగం మీద డబ్లిన్ వెళ్ళినప్పుడు ఊరికి ఉత్తరాన ఫిబ్స్‌బరోలో ఒక పాత ఇంటి మేడమీది గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. అప్పటికి డెబ్బై ఆరేళ్ళు, ఒంటరిగా ఉండేవారు. అద్దెకిచ్చిన మనిషిగా మొదలై, సాయంత్రం టీ తాగే స్నేహితురాలిగా మారడానికి రెండు నెలలు కూడా పట్టలేదు. ఆవిడ పేరుగానీ, వాళ్ళ కుటుంబం పేరుగానీ ఇక్కడ రాయడం లేదు. చనిపోయిన కుర్రవాడు ఏ దళంలో ఉన్నాడో, ఏ వీధిలో పోయాడో కూడా రాయను. ఆ షరతు మీదనే ఆవిడ దీన్ని రాసుకోమన్నారు.

ఐర్లండ్ గురించి నాకు అప్పటికి తెలిసింది జనరల్ నాలెడ్జ్ పుస్తకంలోని ఒక్క వాక్యం మాత్రమే: బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి.గిరి 1913లో డబ్లిన్‌కు లా చదవడానికి వెళ్ళి, అక్కడి జాతీయవాదులతో సంబంధాలవల్ల 1916లో దేశం విడిచి రావలసి వచ్చిందని. పరీక్షకు అది సరిపోయింది. ఆ 1916 ఏమిటన్నది ఎవరూ అడగలేదు, నేనూ చదవలేదు. ఆ ఏడాది ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం నాడు బ్రిటిష్ పాలనమీద తిరగబడి ఐరిష్ వాలంటీర్లు, సిటిజన్ ఆర్మీ అనే రెండు దళాలవాళ్ళు, వాళ్ళతోపాటు కొందరు స్త్రీలు కలిసి నగరంలోని జనరల్ పోస్టాఫీసునూ మరికొన్ని పెద్ద కట్టడాలనూ ఆక్రమించి రిపబ్లిక్ ప్రకటించారనీ, శనివారం 29 నాటికి ఫిరంగుల దెబ్బకు నగరం నడిబొడ్డు తగలబడి వాళ్ళు లొంగిపోయారనీ, ఆ వారంలో చనిపోయిన 480 మందికి పైగా మనుషుల్లో సగం కంటే ఎక్కువ ఏ తుపాకీ పట్టని మామూలు జనమేననీ నేను ఆ ఇంటి వంటగదిలోనే తెలుసుకున్నాను.

2014 జనవరిలో అక్కడి మిలిటరీ ఆర్కైవ్స్ వాళ్ళు, ఆ పోరాటాల్లో పాల్గొన్నవాళ్ళూ చనిపోయినవాళ్ళ కుటుంబాలూ పింఛను కోసం పెట్టుకున్న అర్జీల ఫైళ్ళను మొదటి విడతగా ఇంటర్నెట్‌లో పెట్టారు. రేడియోలో ఆ వార్త విన్న రాత్రి ఆవిడ టీ కప్పు పక్కన పెట్టి, "నీకు ఆ కంప్యూటర్ పని వచ్చు కదా, ఒక పేరు వెతికిపెడతావా?" అన్నారు. వాళ్ళ నాన్నకు అన్న. పందొమ్మిదేళ్ళు. ఆ ఈస్టర్ వారంలో పోయాడు.

అప్పుడు నేను చేసిన పొరపాటు ఇప్పటికీ గుర్తొస్తుంది. సినిమాల్లో విని విని నాలుక చివర సిద్ధంగా ఉన్న మాట అనేశాను: మీ కుటుంబం గర్వపడాలండీ, దేశం కోసం ప్రాణాలిచ్చిన వీరుడు కదా అని. ఆవిడ కోప్పడలేదు. కప్పులోకి చూస్తూ, "ఆ మాట మా నాన్నకు యాభై ఎనిమిదేళ్ళపాటు అందరూ చెప్పారు. ఆ మాట విన్నాక ఇంక ఏడవడానికి లేదు కదా," అన్నారు.

ఆ వాక్యం అర్థం కావడానికి అప్పటి చరిత్ర కొంచెం తెలియాలి. లొంగిపోయినవాళ్ళను సైనికులు నడిపించుకు పోతుంటే డబ్లిన్ జనంలో చాలామంది వాళ్ళను తిట్టారు. కొడుకులూ భర్తలూ బ్రిటిష్ సైన్యంలో ఫ్రాన్స్‌లో ఉన్న ఆడవాళ్ళు మరీ ఎక్కువగా తిట్టారు. ఇళ్ళు కాలిపోయాయి, రొట్టె దొరకలేదు, పనులు పోయాయి, అదంతా ఈ కుర్రవాళ్ళ వల్లనే అన్నారు. తరువాత మే 3 నుంచి 12 వరకు కిల్‌మైనం జైలులో పద్నాలుగు మందిని విడతలు విడతలుగా కాల్చి చంపారు. తిరుగుబాటు నాయకుడు పాట్రిక్ పియర్స్‌ను మూడో తేదీన, అతని తమ్ముడు విలీని నాలుగో తేదీన చంపారు, అంటే ఒక తల్లికి ఇద్దరు కొడుకులు రెండు రోజుల్లో. శవాలను కుటుంబాలకు ఇవ్వకుండా ఆర్బర్ హిల్‌లో సున్నం పోసి పూడ్చారు. దానితో జనం మనసు తిరగబడింది. మన నెల మాసికం లాంటిదే వాళ్ళకూ ఒకటుంది, మనిషి పోయిన నెలకు ఆత్మశాంతికి చర్చిలో పూజ జరిపిస్తారు. జూన్‌లో ఆ పూజలకు వచ్చిన జనం వీధుల్లో పట్టలేదు. ఏప్రిల్ చివర "నీ కొడుకు ఊరు తగలబెట్టాడు" అని ముఖాన తలుపు వేసుకున్న పొరుగింటామే జూన్‌లో "నువ్వు పుణ్యాత్మురాలివి" అని చేతులు పట్టుకుందట. ఆ నాలుగైదు వారాల్లో ఒక పందొమ్మిదేళ్ళ కుర్రవాడు మొదట నేరస్థుడూ తరువాత దేవుడూ అయ్యాడు తప్ప, ఆ మధ్యలో ఒక్క రోజు కూడా ఊరికే చనిపోయిన కొడుకుగా ఉండలేదు. పద్నాలుగేళ్ళ తమ్ముడిని ఎవరు చూస్తారు?

ఆ తమ్ముడే మా ఇంటావిడ తండ్రి.

వెతకడం ఎక్కడనుంచి మొదలుపెట్టాలో తెలియక నేను ముందు 1911 జనాభా లెక్కలు తెరిచాను. ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ ఆ పత్రాలను ఉచితంగా చూడనిస్తుంది. ఏప్రిల్ 2, 1911 రాత్రి ప్రతి ఇంటి యజమానీ తన చేత్తో నింపిన కాగితం అది. వీధి పేరు కొట్టి ఇంటి నంబర్ల మీద వెతుక్కుంటూ పోతే అరగంటలో దొరికింది. తాత చేతిరాత. సిరా ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంది. పెద్ద కొడుకు పదిహేడు, బండి తోలే పని. రెండో కొడుకు పద్నాలుగు, 'చదవగలడు, రాయగలడు.' మూడో కొడుకు తొమ్మిది, అదే మాట. ఇంకా ఇద్దరు ఆడపిల్లలు. ఆ పత్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా కొన్ని గడులు ఉంటాయి: పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎంతమంది, ఇప్పుడు బతికున్నవాళ్ళు ఎంతమంది. ఆ గడుల్లో ఎనిమిది, అయిదు అని ఉంది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని తెరకు ముక్కు ఆనేటంత దగ్గరగా వంగి ఆ రెండు అంకెలూ చూశారు. "ముగ్గురా? నాకెవ్వరూ చెప్పలేదే," అన్నారు. అయిదేళ్ళ తరువాత ఆ తల్లి నాలుగో బిడ్డను పోగొట్టుకుందన్నమాట.

అప్పుడే మాటల సందర్భంలో, మా భాషలో నాన్నకు అన్న అయితే అంకుల్ అనరు, పెదనాన్న అంటారు, అంటే పెద్ద నాన్న అని చెప్పాను. ఆవిడ రెండుసార్లు పలికి చూసుకున్నారు. దకారం దగ్గర నాలుక తడబడింది. "పందొమ్మిదేళ్ళ పెద్ద నాన్న," అని నవ్వారు. తరువాత ఆయన గురించి మాట్లాడినప్పుడల్లా ఆ తెలుగు మాటే వాడేవారు. అంతకుముందు ఆ ఇంట్లో ఆయనను ఇంటిపేరుతో, ముందు 'వాలంటీర్' అని చేర్చి చెప్పేవారట, శిలాఫలకం మీద చెక్కినట్టు.

పింఛను ఫైలు ఫిబ్రవరిలో దొరికింది. 1923లో కొత్త ఐరిష్ ప్రభుత్వం చేసిన ఆర్మీ పింఛన్ల చట్టం ప్రకారం, చనిపోయినవాళ్ళ మీద ఆధారపడినవాళ్ళు అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడే ఆ ప్రభుత్వానికీ, దాన్ని ఒప్పుకోని రిపబ్లికన్లకూ మధ్య అంతర్యుద్ధం ముగిసింది కనుక కొన్ని రిపబ్లికన్ కుటుంబాలు ఆ ప్రభుత్వం డబ్బు ముట్టుకోబోమన్నాయి. ఈ తల్లి పట్టింపులకు పోలేదు, పోయే స్థితిలో లేదు. ఆమె పెట్టుకున్న అర్జీ, దానికి జతచేసిన చర్చి ఫాదర్ ఉత్తరం, పని ఇచ్చిన యజమాని రాసిన నాలుగు వాక్యాల కాగితం, కుటుంబం ఆర్థిక స్థితి మీద పోలీసు విచారణ, శాఖ గుమాస్తా ఎర్ర పెన్సిలుతో వేసిన గీతలు, అన్నీ వరసగా స్కాన్ చేసి ఉన్నాయి. నేను ప్రతి పేజీ పెద్దదిచేసి చదివి వినిపించాను. సగం చోట్ల ఆవిడే నన్ను సరిదిద్దారు, పాత చేతిరాత ఆవిడకు అలవాటు కనుక.

అర్జీలో ఒక ప్రశ్న: మృతుడు మీకు వారానికి ఎంత ఇచ్చేవాడు? జవాబు గడిలో అంకె వేసి ఊరుకుంటే సరిపోతుంది. ఆమె అంకె వేసి, గడి చాలక అంచు మీదికి ఎక్కించి, కింద ఇంకొక వరస రాసింది. కొడుకు ప్రతి శనివారం జీతం కవరు చింపకుండా తెచ్చి తన ఒడిలో పెట్టేవాడనీ, తను తీసి ఇచ్చిన చిల్లరతోనే వారమంతా గడుపుకునేవాడనీ. ఆ వరస కింద గుమాస్తా గీత లేదు, దానితో శాఖకు పని లేదు. ఫైలంతా వెతికినా ఆమె రాసిన వాటిలో వీరుడన్న మాట ఒక్కచోట కూడా లేదు. 'మంచి పిల్లవాడు' అని రెండుచోట్ల ఉంది. చివరకు ఆమె పూర్తిగా అతని మీదే ఆధారపడలేదని తేల్చి, నెలనెలా కాకుండా ఒకేసారి చిన్న మొత్తం ఇచ్చి ఫైలు మూసేశారు. కొడుకుకు లెక్కకట్టిన ఆ మొత్తం చూసి నాకు ఒళ్ళు మండింది గానీ, ఆవిడ దాని గురించి ఒక్క మాటా అనలేదు. "చింపకుండా," అని మాత్రం అనుకున్నారు. వాళ్ళ నాన్న పెళ్ళయ్యాక కూడా జీతం కవరు అలాగే మూసి తెచ్చి అమ్మకు ఇచ్చేవారట. అది ఆ రోజుల్లో అక్కడి మగపిల్లలు చాలామంది చేసేదే. కానీ ఆవిడకు ఆ రోజు అది అన్ననుంచి తమ్ముడికి వచ్చినదిగా తోచింది. నేను కాదనలేదు.

అదే ఫైలులో పోలీసు విచారణ కాగితంలో పెద్ద కొడుకు ప్రస్తావన వచ్చింది: బ్రిటిష్ సైన్యంలో పనిచేసి వచ్చాడు, ఊపిరితిత్తుల జబ్బు, పని చేయలేడు. ఆవిడకు ఆయన దగ్గు గురించి తండ్రి చెప్పగా తెలుసుగానీ, అది ఎక్కడ వచ్చిందో తెలియదు. ఆయన ఉన్న రాయల్ డబ్లిన్ ఫ్యూసిలియర్స్ అనే దళం పటాలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికితే విషయం బయటపడింది. ఫ్రాన్స్‌లో ఉలూక్ అనే ఊరి దగ్గర 1916 ఏప్రిల్ 27 నుంచి 29 వరకు జర్మన్లు, ఆ పటాలాలున్న 16వ ఐరిష్ డివిజన్ మీద విషవాయువు వదిలారు. అయిదు వందల మందికి పైగా చనిపోయారు. డబ్లిన్‌లో తిరుగుబాటు జరుగుతున్న అదే వారం, ఇంచుమించు అవే రోజులు. ఒక కొడుకు అక్కడ వాయువు పీల్చుకుంటున్నప్పుడు ఇంకొక కొడుకు ఇక్కడ అదే సైన్యం గుండుకు పడిపోయాడు. ఆ తల్లి ఆ వారం ఏ దిక్కుకు తిరిగి ప్రార్థన చేసి ఉంటుందో నేను ఊహించలేకపోయాను. ఆ ఇంట్లో 1941లో ప్రభుత్వం ఇచ్చిన 1916 పతకం, సగం ఆకుపచ్చ సగం నారింజ రిబ్బనుతో, గోడకు వేలాడుతుంది. పెద్దాయన పతకాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

ఇంకొక దస్త్రం మిగిలింది. 1947లో అక్కడి ప్రభుత్వం బ్యూరో ఆఫ్ మిలిటరీ హిస్టరీ అని ఒక సంస్థ పెట్టి, పోరాటంలో ఉన్నవాళ్ళనుంచి 1,773 వాంగ్మూలాలు సేకరించి, పెట్టెల్లో పెట్టి తాళం వేసింది. 2003లోగానీ వాటిని జనానికి తెరవలేదు. వాళ్ళ పెదనాన్నతో అదే కట్టడంలో ఉన్న ఒకాయన వాంగ్మూలం ముప్ఫై పేజీల పైన ఉంది. అందులో ఈ కుర్రవాడికి దక్కింది ఒకటిన్నర వాక్యం: కిటికీ దగ్గర బస్తా సర్దుతుండగా గుండు తగిలింది, ఏమీ తెలియకుండానే పోయాడు. ఆ 'ఏమీ తెలియకుండానే' నిజమో, ఇంటివాళ్ళు ఎప్పుడైనా చదువుతారేమోనని పెట్టిన మాటో చెప్పలేము. మన పలకరింపుల్లో కూడా డాక్టర్లు అదే చెబుతారు, మనమూ నమ్ముతాము.

ఆవిడ ఆ వాక్యం విని లేచి, కెటిల్‌లో నీళ్ళు పోసి, స్విచ్ వేయడం మరచిపోయి, సింకు దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. నేను కంప్యూటర్ మూసేశాను. ఇప్పుడు ఏమి చెప్పాలి? అక్కడి ఆచారం ప్రకారం 'మీకొచ్చిన కష్టానికి బాధపడుతున్నాను' అని చెయ్యి పట్టుకోవాలి. శవం ఇంట్లో ఉన్న రాత్రంతా చుట్టాలూ స్నేహితులూ వరసకట్టి వచ్చి ఆ మాటే చెప్పి, చెయ్యి కలిపి, టీ తాగి, పోయినవాడి కొంటెపనులు చెప్పుకుని నవ్వుతారు. ఎప్పుడో 1916లో పోయినవాడికి ఆ మాట ఇప్పుడు చెప్పవచ్చా? నాకు తోచక, మా అమ్మమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్ళు మా అమ్మను అడిగినదే అడిగాను.

"ఎలా జరిగిందండీ? మీ నాన్నగారికి ఎలా తెలిసింది?"

ఆవిడ తిరిగి వచ్చి కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. సోమవారం పొద్దున అన్న బయలుదేరుతూ తమ్ముడి సైకిలు అడిగాడట. తమ్ముడు ఇవ్వనన్నాడట, ఆ రోజు సెలవు, స్నేహితులతో తిరగాలని. అన్న నవ్వి నడిచి వెళ్ళాడు. ఆ వారమంతా వీధుల్లోకి పోనివ్వలేదు. మంగళవారం నుంచి మార్షల్ లా. కబురు వారం చివర ఎవరో ఒకామె తెచ్చింది. శవాన్ని ఇంటికి తేలేదు, రాత్రి జాగారం లేదు, చేతులు కలపడానికి వరసకట్టిన జనం లేరు. శ్మశానానికి పెట్టె వెంట ఒక్కరే రావాలని సైనికులు అన్నారట. తండ్రి జబ్బుగా ఉన్నాడు కనుక మేనమామ వెళ్ళాడు. తమ్ముడు గేటు దగ్గరి దాకా పరుగెత్తి అక్కడే ఆగిపోయాడు. ఆ సైకిలు మళ్ళీ ఎక్కలేదు. ఆవిడ చిన్నప్పుడు సైకిలు కొనిపెట్టమని ఎంత ఏడ్చినా నాన్న కొనలేదట. కారణం చెప్పలేదు. ఇది కూడా ఆయన చెప్పినది కాదు, పెద్ద మేనత్త 1974లో నాన్న అంత్యక్రియల రోజున చెప్పింది.

ఆవిడ చెప్పడం అయ్యాక కాసేపటికి నేను మళ్ళీ అడిగాను, గేటు ఏ గేటు అని. మళ్ళీ మొదటినుంచి చెప్పారు. ఈసారి మేనమామ టోపీ గురించి కూడా వచ్చింది. తెలుగు పద్ధతి అని నేను చెప్పలేదు, ఆవిడా అడగలేదు. తరువాతి నెలల్లో ఆ కథ నేను పదిసార్లయినా విన్నాను. నాలుగోసారో అయిదోసారో సైకిలు దగ్గరికి వచ్చినప్పుడు, "పాపం, పద్నాలుగేళ్ళవాడు కదా," అని ఆవిడే అన్నారు. అంతకుముందు ఎప్పుడూ నాన్నను పద్నాలుగేళ్ళవాడిగా ఊహించుకోలేదట.

వానలేని ఆదివారాల్లో ఊళ్ళోకి తీసుకువెళ్ళేవారు. మూర్ వీధి దగ్గర ఒక సందులో గోడకు ఒక కంచు ఫలకం ఉంది. శుక్రవారం 28న పోస్టాఫీసు తగలబడుతుంటే బయటికి దూకి ముందు నడిచిన ఓ'రహిలీ అనే నాయకుడు గుళ్ళు తగిలి ఆ సందులో పడిపోయి, జేబులో ఉన్న కాగితం తీసి భార్యకు రాసుకున్న చివరి మాటలను ఆయన చేతిరాతలోనే ఆ ఫలకం మీద పోతపోశారు. ఆ కాగితం, పోస్టాఫీసుకు కొడుకు రాసి పంపిన ఉత్తరమే. దాని వెనక వైపు రాశాడు. ఆవిడ అక్కడ చాలాసేపు నిలబడి, "వీళ్ళకు ఒక కాగితమైనా దొరికింది," అన్నారు. అసూయ అనుకోవాలి దాన్ని. నాకు తప్పుగా అనిపించలేదు.

2016 వచ్చింది. నూరేళ్ళ ఉత్సవం. మార్చి 27, ఈస్టర్ ఆదివారం నాడు ఓ'కానెల్ వీధిలో జరిగిన పెద్ద కవాతుకు మృతుల బంధువులకు ఆహ్వానాలు వచ్చాయి. ఆవిడ వెళ్ళారు, ముందు వరసల్లో కూర్చున్నారు, విమానాలు పొగలు వదులుతూ పోతుంటే చప్పట్లు కొట్టారు, ఇంటికి వచ్చి కాళ్ళు నొప్పులన్నారు. అంతే. అది బాగానే జరిగిందిగానీ అది నాన్నకు సంబంధించినది కాదన్నారు.

గ్లాస్నెవిన్ శ్మశానం మా ఇంటికి నడిచి వెళ్ళే దూరం. 1832లో మొదలైన ఆ శ్మశానంలో దాదాపు పదిహేను లక్షల మంది ఉన్నారంటారు, డబ్లిన్‌లో బతికున్నవాళ్ళకంటే ఎక్కువ. ఏప్రిల్ 3న అక్కడ ఒక స్మారక గోడ ఆవిష్కరించారు. ఈస్టర్ వారంలో చనిపోయిన అందరి పేర్లూ, తిరుగుబాటుదారులూ, బ్రిటిష్ సైనికులూ, పోలీసులూ, పిల్లలూ, ఎవరు ఏ పక్షమో రాయకుండా నల్లరాయి మీద చెక్కారు. ఆ రోజు బయట కొందరు నిరసన తెలిపారు, చంపినవాళ్ళ పేర్లు చచ్చినవాళ్ళ పేర్ల పక్కన ఏమిటని. ఆ కోపం అర్థం కానిది కాదు. గుంటూరులోనో నర్సీపట్నంలోనో అలాంటి గోడ కడితే మనమూ ఊరుకోము. గొడవ సద్దుమణిగాక వారం మధ్యలో ఒక పొద్దున ఇద్దరమే వెళ్ళాము. ఆవిడ చేతి తొడుగు తీసి పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం జరిపారు. తరువాత ఆ వేలు పై పేరు మీదకూ కింది పేరు మీదకూ పోయింది. ఎవరో తెలియదు. "ఇందులో మా పెద్ద పెదనాన్న పటాలంవాళ్ళు కూడా ఉంటారు," అని, "నాన్న ఇక్కడికి వస్తే ఏమనేవారో," అన్నారు. తరువాత ఆ గోడమీద 2017లో రంగు చల్లారనీ, 2020లో సుత్తితో కొట్టారనీ నేను ఇండియాకు తిరిగి వచ్చేశాక చదివాను. ఫోన్ చేస్తే, "రాయే కదా," అని మాట మార్చారు.

గోడ దగ్గరనుంచి ఆ రోజు వాళ్ళ కుటుంబం సమాధి దగ్గరికి నడిచాము. ఆ రాయి 1931లో తల్లి పోయినప్పుడు తమ్ముడు వేయించినది. పైన తండ్రి పేరు, కింద తల్లి పేరు, ఆ కింద జానెడు ఖాళీ. ఆ ఖాళీ నాన్న తన కోసం వదిలిపెట్టుకున్నారని ఆవిడ ఇన్నేళ్ళూ అనుకున్నారు. కానీ నాన్నను వేరేచోట అమ్మ పక్కన పెట్టారు. శ్మశానం రికార్డు గది కాగితం మీద చూస్తే, ఈ సమాధిలో మొదట పెట్టింది తాతనూ కాదు, నాయనమ్మనూ కాదు, 1916లో ఆ కుర్రవాడిని. అన్న పేరు ఏమని చెక్కించాలో తెలియక ఆయన ఖాళీ వదిలి ఉంటారని నా ఊహ. ఎవరైనా చూస్తే 'ఐర్లండ్ కోసం నేలకొరిగాడు' అని లేకపోతే తప్పుపడతారు. ఆ మాట చెక్కిస్తే ఆ కింద ఇంక చోటు ఉండదు.

జూన్‌లో రాయి చెక్కే ఆయనను పిలిపించాము. చదరంగా కత్తిరించిన అట్టముక్క, చెవిలో పెన్సిలు, మోకాళ్ళకు రబ్బరు తొడుగులు. ఇలాంటి పేర్లు ఆ ఏడాది చాలా చెక్కానని చెప్పి, అలవాటు ప్రకారం ఐరిష్ భాషలో ఆ వాక్యం తనే రాసుకోబోయాడు. ఆవిడ ఆపారు.

"అది పతకం మీద ఉంది, గోడమీద ఉంది. ఇక్కడ వద్దు."

"మరి ఏం రాయమంటారు?"

పేరు, పందొమ్మిదేళ్ళు, ఏప్రిల్ 1916, ఆ తరువాత 'ఫలానావాడి అన్న' అని చెప్పి తండ్రి పేరు చెప్పారు. ఆయన ఒక క్షణం చూశాడు. అలా ఎవరూ రాయించరు. తల్లిదండ్రుల పేర్లు రాస్తారు, భార్య పేరు రాస్తారు. తమ్ముడి పేరు అన్న కింద చెక్కడం ఆయన చూడలేదట. ఆవిడ ఇంకేమీ వివరించలేదు, నా వైపు చూశారు. నేనూ ఏమీ అనలేదు.

ఆయన పెన్సిలు చెవినుంచి తీసి, అట్టముక్క మీద అక్షరాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, అక్షరానికి ఇంత చొప్పున మొత్తం ఎంతవుతుందో చెప్పి, ఇక్కడ జాగా సరిపోతుందిగానీ తండ్రి పేరు కొంచెం చిన్న అక్షరాల్లో వేయవలసి వస్తుందన్నాడు. ఆవిడ వంగి ఆ ఖాళీని అరచేత్తో కొలిచి చూసి, "చిన్నవాడే కదా, పరవాలేదు," అన్నారు.